వానాధార చెరువులో వేసవికి నీళ్లు నిలిపే హక్కు కోసం అర్జీ ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కలిగిరి పక్కన ఊరు, వానాధార చెరువు, రికార్డులో 160 ఎకరాల ఆయకట్టు. కార్తీకంలో నిండుగా కనిపించిన చెరువు శివరాత్రికల్లా బురద తేలుతోంది. ఒకవైపు చేపల పాటదారు తూము ఎత్తి నీళ్లు వదిలేస్తున్నాడు, ఇంకోవైపు లోపలి అంచున నిమ్మతోటల వాళ్లు మోటార్లు దించి తోడేస్తున్నారు. పక్కన వాగు సంగతి చెప్పనే అక్కర్లేదు, సంక్రాంతికే ఇసుక. కొలరాడోలో ఉన్న మీ బావమరిది, అక్కడ ఏటి నీళ్లు ఏట్లోనే ఉంచడానికి చట్టప్రకారం హక్కు పెట్టుకుంటారని చెప్పాడు. ఆ ఫారం మన దగ్గర ఏ ఆఫీసులో దొరుకుతుందని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ ఫారం మన దగ్గర లేదు. మీ పేరు మీదో ఊరి పేరు మీదో "ఇన్ని నీళ్లు ఈ చెరువులో ఉండాలి" అని హక్కు పత్రం రాసిచ్చే అధికారం తహసీల్దారుకీ లేదు, ఇరిగేషన్ ఈఈకీ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) లేదు. కానీ మీకు కావలసింది చాలావరకు ఇంకో దారిలో దొరుకుతుంది. నీళ్లు అడగొద్దు, మట్టం అడగండి. అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) మట్టం ఎంత, తూము సిల్ లెవెల్ (తూము గడప మట్టం) ఎంత, ఎండాకాలంలో ఏ గీత కిందికి నీళ్లు దించకూడదు, ఈ మూడు అంకెలూ ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించగలిగితే కొలరాడో వాళ్లు చేసేదానికి మీరు పెద్ద దూరంలో లేనట్టే.

నేను వకీలును కాను. ఇరిగేషన్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరు) చేరి డీఈగా (డిప్యూటీ ఈఈ) రిటైరయ్యాను, ఇరవై తొమ్మిదేళ్లలో ఎక్కువ భాగం ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు చిన్న చెరువుల మీదే గడిచింది. రిటైరయ్యాక ఊళ్లవాళ్లకి అర్జీలు రాసిపెట్టడం అలవాటైంది. కాబట్టి కింద చెప్పేది కోర్టు భాష కాదు, ఆఫీసు బల్లకి రెండు వైపులా కూర్చున్న అనుభవం.

ముందు మీ బావమరిది మాట. ఆయన చెప్పింది నిజమే, సగం. కొలరాడోలో నీటి హక్కుకి మూలసూత్రం, ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. వాడుకోవడం అంటే కాలువ తవ్వి నీళ్లు బయటికి మళ్లించడమే అని పాత రోజుల్లో లెక్క. ఏట్లో వదిలేసిన నీళ్లు ఎవరూ వాడనట్టే, అంటే వాటికి హక్కు లేనట్టే. 1973లో అక్కడ చట్టం మార్చి, చేపలకీ ఏటి ప్రాణానికీ ఏట్లోనే ఉంచిన నీళ్లు కూడా వాడకమే అన్నారు. అయితే ఆ హక్కు పెట్టుకోగలిగేది ఒక్క కొలరాడో వాటర్ కన్జర్వేషన్ బోర్డు మాత్రమే. మీ బావమరిది గానీ ఆయన పక్కింటివాడు గానీ "ఫలానా ఏరు చూడండి" అని బోర్డుకి సిఫారసు చేయొచ్చు, అంతవరకే. అప్పుడు మనుషులు ఏట్లోకి దిగి లోతు ఎంత, వేగం ఎంత, ఏటి అడుగు ఎంత మేర తడుస్తోంది అని కొలుస్తారు. అక్కడ కాపాడదగ్గ ప్రకృతి ఉందా, ఈ నీళ్లతో అది నిలుస్తుందా, ఇప్పటికే హక్కు ఉన్న రైతులకు నష్టం కలగదు కదా, ఈ మూడూ తేల్చుకున్నాక బోర్డు వెళ్లి నీటి కోర్టులో దరఖాస్తు వేస్తుంది. సహజ సరస్సులకైతే క్యూసెక్కుల బదులు మట్టం రాస్తారు. ఇప్పటికి సుమారు 1,700 ఏటి భాగాలకూ, 480 సరస్సులకూ ఇలా హక్కులున్నాయి.

ఇందులో ఒక మెలిక ఉంది, మీ బావమరిది చెప్పి ఉండడు. ఆ హక్కుకి వరసలో స్థానం అది పెట్టుకున్న తేదీని బట్టే వస్తుంది. 1880ల్లో కాలువ తవ్వుకున్న రైతు ముందుంటాడు, 1973 తర్వాత వచ్చిన ఏటి హక్కు వెనకుంటుంది. కరువు ఏడాది ముందున్నవాళ్లు తీసుకున్నాకే మిగిలింది ఏరుకి. ఆరెగాన్‌లో 1987 నుంచి ఇంకో పద్ధతి ఉంది, అక్కడ ప్రభుత్వ శాఖలు అర్జీ పెడితే హక్కుని రాష్ట్రమే ప్రజల తరఫున ట్రస్టుగా ఉంచుకుంటుంది, రైతు కావాలనుకుంటే తన సాగు హక్కుని కొంతకాలం ఏరుకి కౌలుకి ఇవ్వొచ్చు కూడా. ఏరుకి కౌలు! మా పామూరు వైపు టీ బంకు దగ్గర ఈ మాట చెప్తే ఒకాయన "ఏంది సారూ, ఏరు కౌలు కట్టద్దా?" అని పడీపడీ నవ్వాడు. కానీ పద్ధతి చూడండి, రెండు చోట్లా హక్కు పట్టుకున్నది ప్రభుత్వ సంస్థే, దాన్ని నిలబెడుతున్నది ఒక అంకె.

ఇక మన దగ్గరికి వద్దాం. నెల్లూరు, ఒంగోలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ. 1905 భూ ఆక్రమణల చట్టం ఇప్పటికీ మనకి నడుస్తోంది. నదులు, వాగులు, చెరువుల అడుగు భూమీ, పారే నీళ్లూ నిలిచిన నీళ్లూ ప్రభుత్వ ఆస్తి అని అందులో రాసి ఉంది. చాలామంది ఇది చదివి నీరుగారిపోతారు, ప్రభుత్వానిదైతే ఇంక మనమేం అడుగుతాం అని. నేను తిరగేసి చెప్తాను. ప్రభుత్వానిది కాబట్టే పాటదారుడిది కాదు, తోట యజమానిది కాదు, సర్పంచిది అసలే కాదు. పైగా సుప్రీంకోర్టు 1996లో బియాస్ నది కేసులో, ఇలాంటి ఆస్తికి ప్రభుత్వం యజమాని కంటే ధర్మకర్త అని తేల్చింది. మనకి ఇంకా దగ్గరిది 2006 నాటి తిరుపతి కేసు, అవిలాల చెరువు, పేరూరు చెరువు. ఆ చెరువుల్లో అప్పటికే కట్టేసిన ఇళ్లని కోర్టు కూలగొట్టించలేదు, ఇకమీదట కట్టొద్దంది. కానీ చెరువుని కాపాడటం ప్రభుత్వ బాధ్యత అనే మాట మన రాష్ట్రం చెరువుల విషయంలోనే నమోదైంది, అర్జీలో ఒక వాక్యంగా పెట్టుకోండి. ఒక వాక్యం చాలు, పేజీ వద్దు. ఏఈ చదవడు, నేనూ చదివేవాణ్ని కాదు.

1882 ఈజ్‌మెంట్ చట్టం (ఇతరుల ఆస్తి మీద వాడక హక్కుల చట్టం) కింద సివిల్ కోర్టులో దావా వేస్తే ఎలా ఉంటుందని కొందరు అడుగుతారు. మీ సమస్యకి వద్దంటాను. ప్రభుత్వ ఆస్తి మీద అలాంటి హక్కు అనుభవంతో సంపాదించాలంటే ముప్పై ఏళ్ల వాడకం రుజువు చెయ్యాలి, పైగా నదులూ వాగుల నీళ్ల నిల్వనీ పంపకాన్నీ నియంత్రించే ప్రభుత్వ అధికారాన్ని ఆ చట్టమే ముట్టుకోనంటుంది. ఈలోపు మీ చెరువు ఎన్నిసార్లు ఎండుతుందో లెక్క వేసుకోండి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి. ఇదే అసలు పని, అందుకే కాస్త వివరంగా చెప్తాను. 1880ల నుంచి మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం కింద ఒక్కో చెరువుకీ ఒక మెమొయిర్ రాయించింది. పరీవాహకం ఎంత, నిండు మట్టం ఎంత, అలుగు పొడవు ఎంత, తూములు ఎన్ని, వాటి సిల్ లెవెల్ ఎంత, ఆయకట్టు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మన ఆఫీసుల్లో చాలా చెరువులకి ఇవి చెదలు తినగా మిగిలినవి ఇంకా ఉన్నాయి. లేకపోతే హైడ్రాలిక్ పర్టిక్యులర్స్ రిజిస్టరు ఉంటుంది, అది కొత్తది. సమాచార హక్కు కింద రెండూ అడగండి, మండల స్థాయి ఆఫీసుకి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10 రూపాయలు, ముప్పై రోజుల గడువు. తహసీల్దారు ఆఫీసు నుంచి చెరువు సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం), ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల రిజిస్టరు) నకలు, ఆ నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషను చెయ్యకూడని భూములు) ఉందో లేదో కూడా. మీ ఊళ్లో రీసర్వే జరిగి ఉంటే పాత నంబరు పోయి ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చి ఉంటుంది, అప్పుడు పాత విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ తేడా చూడండి. చెరువులో నాలుగెకరాలు తగ్గి పక్క పట్టాలో నాలుగెకరాలు పెరిగిందంటే మీ వేసవి నీళ్లు ఎటు పోతున్నాయో కొంత అర్థమవుతుంది.

పాత మెమొయిరే ఎందుకు ముఖ్యమో నా తప్పుతోనే చెప్తాను. ఏఈగా కొత్తలో జిల్లా నుంచి చెరువుల నిండు మట్టాలు పంపమని ఉత్తర్వు వచ్చింది, వారం గడువు, నా కింద నలభై పైచిలుకు చెరువులు. ఒక చెరువు అలుగుని లోపలి అంచు రైతులు ఎప్పుడో చెక్కేశారు, వాళ్ల చేలు మునగకుండా. నేను పాత కాగితం తియ్యకుండా, ఉన్న అలుగు మీద కర్ర పెట్టి కొలిచి, ఆ దిగువ మట్టాన్నే నిండు మట్టంగా రాసి పంపించాను. ఆ తర్వాత పదేళ్లు ఆ ఊరు ఏ అర్జీ పెట్టినా "రికార్డు ప్రకారం అలుగు సరిగానే ఉంది" అని జవాబు. రికార్డు నేను రాసిందే. రిటైరయ్యాక ఆ ఊరివాళ్లే నా దగ్గరికి వచ్చారు, అది నేనే రాశానని తెలియక. చెప్పాను. తిట్టారు. తర్వాత కాఫీ ఇచ్చారు.

ఆ ఊరు ముందు పెట్టిన అర్జీలో "మా గ్రామానికి న్యాయంగా దక్కవలసిన నీటి హక్కును కాపాడవలసిందిగా" అని ఉంది. రెండు నెలలకి జవాబు, అలాంటి హక్కు ఇచ్చే నిబంధన లేదని. చూడబోతే ఆ జవాబులో తప్పు లేదు. ఈసారి మేం రాసింది ఇంతే. పాత మెమొయిర్ ప్రకారం అలుగు మట్టం ఇంత, తూము రాతి మీద చెక్కిన బెంచ్‌మార్కు (మట్టాలు కొలవడానికి ఆధారమైన గుర్తు) నుంచి లెక్కిస్తే ఇప్పుడు ఉన్నది ఇంత, తేడా రెండడుగులు, పూర్వ మట్టానికి కట్టించండి. ఐదు నెలల్లో అంచనా తయారైంది. ఎందుకంటే "హక్కు" అన్న మాటని కాదనడం సులువు, రెండడుగుల తేడాని కాదనాలంటే ఎవరో ఒకరు వచ్చి లెవెల్ పెట్టి కొలవాలి, కొలిస్తే ఉంటుంది.

రెండడుగులంటే ఎంతో చెప్తాను, ఇది అర్జీలో రాస్తే బలం. పై మట్టంలో ఆ చెరువు నీళ్లు 90 ఎకరాల మేర పరుచుకుంటాయి. అంటే ఇంచుమించు 180 ఎకరా అడుగులు (ఎకరం మేర అడుగు లోతు నీళ్లు ఒక ఎకరా అడుగు). ఒక క్యూసెక్కు నీళ్లు ఇరవై నాలుగు గంటలు పారితే 86,400 ఘనపుటడుగులు, అది రెండు ఎకరా అడుగులకి కాస్త తక్కువ. కాబట్టి ఆ చెక్కేసిన అలుగు మీదుగా ఊరు పోగొట్టుకుంటున్నది ఒక క్యూసెక్కు చొప్పున తొంభై రోజుల నీళ్లు. కొలరాడో వాళ్లు ఏటికి రాసుకునేదీ క్యూసెక్కుల్లోనే, మీ బావమరిదికి ఈ లెక్క పంపించండి, తృప్తి పడతాడు.

తూము సిల్ లెవెల్ గురించి. చెరువులో ఆ గడప కిందున్న నీళ్లు తూములోంచి వాటంతటవి బయటికి రావు. మన పెద్దవాళ్లు పశువులకీ చాకిరేవుకీ బావుల ఊటకీ వదిలిన వాటా అదే అనుకోవచ్చు, ఏ కాగితం లేకపోయినా రాయే కాపలా. ఇప్పుడు దాన్ని తోడగలిగేవి రెండే, మోటారు, లేదా కట్ట తెగ్గొట్టడం. కొత్తగా రిపేరు పేరుతో తూము కడుతుంటే మాత్రం దగ్గరుండి చూడండి, సిల్ ఒక అడుగు కిందికి పెడితే ఆయకట్టు చివరికి నీళ్లు బాగా ఎక్కుతాయని రైతులే అడిగి దింపిస్తారు. ఆ ఒక్క అడుగుతో వేసవి నీళ్లు పోయినట్టే. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి ఒత్తిడికి ఒకసారి ఒప్పుకున్నాను, రెండోసారి ఒప్పుకోలేదు.

చేపల పాటదారు విషయంలో మీరు అనుకునేదానికంటే పని సులువు. పాట అతనికి ఇచ్చేది చేపలు పట్టుకునే హక్కు, నీళ్ల మీద కాదు. తూము ఎత్తే అధికారం అతనికి ఎక్కడా లేదు. 1997 సాగునీటి సంఘాల చట్టంలో నీటి పారుదలలో అనుమతి లేకుండా జోక్యం చేసుకోవడం నేరాల జాబితాలో ఉంది. కానీ నేరం, కేసు, పోలీసు అని మొదలుపెడితే ఊళ్లో ముఖాలు చూసుకోలేరు, పాటదారు సాధారణంగా మనవాడే అయి ఉంటాడు. పాట ఒప్పందం రాసుకునేటప్పుడే ఒక షరతు చేర్పించండి. పామూరు వైపు ఒక ఊళ్లో మేం చేసింది, తూము రాతి స్తంభం మీద సిల్ లెవెల్‌కి మూడడుగుల పైన ఎర్ర పెయింటుతో అడ్డగీత గీశాం, "ఈ గీత కిందికి నీళ్లు దిగితే పాట రద్దు, డిపాజిట్టు జప్తు" అని ఒప్పందంలో రాయించాం. పెయింటు డబ్బా ఒకటి, పూలదండ ఒకటి (పాటదారు చేతే గీయించాం, కొబ్బరికాయ కొట్టించి). మొదటి ఏడాది గీత దాటలేదు. రెండో ఏడాది దాటాడు, డిపాజిట్టు పోయింది. మూడో ఏడాది నుంచి గొడవ లేదు. మీ చెరువు పాట పంచాయతీ వేస్తుందో మత్స్యశాఖ ద్వారా సొసైటీకి పోతుందో ముందు కనుక్కోండి, షరతు రాయాల్సింది ఎవరు వేస్తే వాళ్లు.

నిమ్మతోటల మోటార్లు కష్టమైన వ్యవహారం. తోట ఎండితే పదేళ్ల పెట్టుబడి పోతుంది, కాబట్టి ఆ మనిషి కొట్లాడతాడు, అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఇక్కడ పట్టుకోవాల్సింది నమోదైన ఆయకట్టు. మీ చెరువుకి 160 ఎకరాలు రికార్డులో ఉంది, అసలు పారుతున్నది ఎంత? నేను పందెం కాస్తాను, 200 దాటి ఉంటుంది. పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది, చెరువుకి ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు అందులో, ఒకటి నీళ్లు తక్కువ భూమి ఎక్కువ కావడం. ఆరున్నర వందల ఏళ్ల నాడే తెలుసు మనవాళ్లకి. ఆయకట్టులో లేని తోట, చెరువు గర్భంలో మోటారు, రెండూ కలిస్తే సాగునీటి సంఘం తీర్మానం చేసి ఏఈకి ఇవ్వొచ్చు, ఏఈ నోటీసు ఇవ్వొచ్చు. మోటారుకి కరెంటు సర్వీసు ఏ సర్వే నంబరు మీద తీసుకున్నారో కూడా అడగండి, చాలాసార్లు పట్టా భూమిలో బోరు పేరుతో తీసుకున్న సర్వీసుకి వైరు చెరువులోకి లాగి ఉంటుంది.

మీరు పట్టించుకోని ఒక బలమైన దారి ఉంది, తాగునీరు. మీ పంచాయతీ తాగునీటి బోరు గానీ బావి గానీ చెరువు లోపలో కట్ట కిందో ఉందా? ఉంటే సగం పని అయినట్టే. సాగుకి, తోటకి, చేపలకి ముందు తాగునీరు అనే వరసని ఏ అధికారీ కాదనడు. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం ప్రజల తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి, బోరు వెయ్యకూడదు. గ్రామీణ నీటి సరఫరా ఏఈ చేత "ఈ చెరువులో ఇంత మట్టం లేకపోతే తాగునీటి బోరు ఎండుతుంది" అని ఒక లెటరు రాయించగలిగితే, ఆ లెటరు జత చేసిన అర్జీ సోమవారం కలెక్టరాఫీసు ఫిర్యాదుల రోజున పెడితే, అది వేరే అర్జీల కట్టలో కలవదు. ఎడగారు (రెండో కారు) పైరుకి నీళ్లు వదలాలా వద్దా అని సంఘం కూర్చున్నప్పుడు కూడా ఇదే లెటరు బల్లమీద పెట్టండి. అన్నిటికన్నా ఎక్కువ నీళ్లు పోయేది ఆ నిర్ణయంలోనే. పాటదారు దొంగతనంగా వదిలేది దాని ముందు ఎంత? ఎడగారు వద్దంటే మీ ఇంట్లోవాళ్లే మీ మీద పడతారు, అది వేరే సంగతి.

వాగు విషయానికి పెద్ద ఆశ పెట్టలేను. కేంద్రం 2018 అక్టోబరులో గంగకి కనీస ప్రవాహం నోటిఫై చేసింది, పైన హిమానీనదాల నుంచి దేవప్రయాగ మీదుగా హరిద్వారం దాకా, నవంబరు నుంచి మార్చి వరకు నెలవారీ సగటు ప్రవాహంలో 20 శాతం, వానాకాలంలో 30 శాతం అని. కావేరి ట్రిబ్యునలు 2007 తీర్పులో పర్యావరణానికి 10 టీఎంసీలు పక్కన పెట్టింది. పెద్ద నదులకి, పెద్ద తగాదాలకి అలా అంకె దొరుకుతుంది. మన్నేరు, పాలేరు లాంటివాటికి, మీ ఊరి పేరులేని వాగుకి అలాంటి అంకె ఎవరూ రాయలేదు. వాగులో మీరు కాపాడుకోగలిగింది ఇసుక, చెరువులోకి వచ్చే వాగు కాలువ. ఇసుక ఉంటే నీళ్లు కనపడకపోయినా అడుగున ఉంటాయి, చెలమ తీస్తే వస్తాయి. ఇసుక పోతే ఏ ఉత్తర్వూ నీళ్లు తేలేదు. సప్లై చానలు మాత్రం ఎఫ్‌ఎంబీలో వాగు పోరంబోకుగా గీసి ఉంటే సర్వేయరు చేత కొలిపించి ఆక్రమణ తీయించొచ్చు, 1905 చట్టం కింద ముందు ఏడో సెక్షను నోటీసు, తర్వాత ఆరో సెక్షను ఉత్తర్వు. మీ చెరువు నిండకపోవడానికి కారణం సగం అక్కడే ఉంటుందని నా అనుమానం. కార్తీకంలో "నిండుగా కనిపించింది" అన్నారు, అలుగు పారిందని అనలేదు.

కోర్టుల గురించి రెండు హెచ్చరికలు. ఒకటి, చిత్తడి నేలల నిబంధనలు 2017 అని ఎవరో ఒకరు మీకు చెప్తారు, దాని కింద చెరువుని నోటిఫై చేయించండి అని. ఆ నిబంధనల్లో చిత్తడి నేల నిర్వచనంలోంచే సాగునీటి కోసం కట్టిన చెరువుల్ని, తాగునీటికీ చేపల పెంపకానికీ కట్టినవాటిని తీసేశారు. పులికాట్ లాంటి సహజ సరస్సుకి పనికొస్తుంది గానీ కట్ట కట్టిన ఊరి చెరువుకి పనికిరాదు, ఏడాది తిరిగాక ఆ ముక్క చూపించి పంపేస్తారు.

రెండోది గడువు. జాతీయ హరిత ట్రిబ్యునలు దక్షిణ బెంచి చెన్నైలో ఉంది, మన జిల్లాకి హైకోర్టు కంటే అదే దగ్గర, నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు 1,000 రూపాయలే. కానీ వివాదం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, బలమైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. నాకు తెలిసిన ఒక ఊళ్లో వాగు ఇసుక తవ్వకం మీద చక్కటి కేసు, ఫొటోలు, కొలతలు, అన్నీ ఉన్నాయి. ముందు ఆఫీసుల్లో తేల్చుకుందామని నేనే ఆపాను. పదకొండో నెలలో వేశారు, గడువు దాటిందని కొట్టేశారు. అందుకని మొదటి అర్జీ ఇచ్చిన రోజే క్యాలెండరు మీద ఐదో నెల దగ్గర గుర్తు పెట్టుకోండి. హైకోర్టు రిట్ అంటే అర్జీ ఇచ్చినా కదలనప్పుడు "నిర్ణయం తీసుకోండి" అని అధికారికి చెప్పించడానికి బాగా పనికొస్తుంది, అందుకే ప్రతి అర్జీకీ తేదీ వేసిన ఎక్నాలెడ్జ్‌మెంటు లేకుండా ఆఫీసు గుమ్మం దిగొద్దు.

ఇక మీరు ఈ వారంలోనే చెయ్యాల్సింది. చెరువు ఎండి ఉందన్నారు కదా, కొలవడానికి ఇంతకంటే మంచి రోజులు లేవు. తూము గడప, అలుగు, పాత బెంచ్‌మార్కు రాయి, అన్నీ పైకి కనపడతాయి, వానలు పడితే మళ్లీ ఏడాది. పారదర్శక గొట్టంలో నీళ్లు పోసి మేస్త్రీలు పునాది మట్టం చూస్తారే, అదే గొట్టంతో తూము గడపకీ అలుగుకీ ఎత్తు తేడా కొలవండి, మీ ఊరి మేస్త్రీకి అరపూట పని. సంఘం అధ్యక్షుణ్ని, ఆయన కుదరకపోతే ఇద్దరు ఆయకట్టు రైతుల్ని పక్కన పెట్టుకుని కొలిచి, తేదీ వేసి సంతకాలు తీసుకోండి, టేపు కనపడేలా ఫొటోలు తియ్యండి. పాటదారుణ్ని కూడా పిలవండి. అతను రాకపోయినా పిలిచినట్టు రాసుకోండి.

మెమొయిర్ నకలు చేతికొచ్చాక అందులోని మట్టం, మీరు కొలిచిన మట్టం, ఆ రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి. అర్జీ నేనే రాసిస్తాను, ఒక పేజీ దాటదు.